చెయ్యి వదిలే వంతు

ఏదైనా ప్రశ్న అడిగితే సాల్మన్ మాస్టారు ముందు చెప్పులు వెతుక్కుంటారు. జవాబు ఇంట్లో దొరికేది కాదని ఆయన నమ్మకం. నలభై ఏళ్లు పెళ్లిళ్లలోనూ చర్చిలోనూ కీబోర్డు వాయించి, అరవై దాటాక యంత్రాల సంగీతం మీద మోజు పడ్డ మనిషి. విశాఖపట్నంలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఆయన గది. ఆ గదికి మూడేళ్లుగా వస్తున్న శిష్యురాలు తనూజ.

ఆ ఉదయం ఆమె ప్రశ్నతో పాటు ఓ అవమానాన్నీ మోసుకొచ్చింది. కిందటి నెల ఓ కాఫీ హోటల్ మేడ మీద ఆమె తొలి కచేరీ జరిగింది. సీక్వెన్సర్ అనే పెట్టె ఒక్కటే వాద్యం. అందులో ఎనిమిది వరసలుంటాయి. డ్రమ్ములకొకటి, బేస్‌కొకటి, మువ్వలకొకటి, ఇలా. ఏ వరసకి ఏది నేర్పితే దాన్నే, ఆపమనేదాకా తిప్పి తిప్పి వాయిస్తుంది. గంటసేపు ఆగకుండా వాయిస్తానని తనూజ ఊరంతా చాటుకుంది. తీరా మూడో పాట నుంచి నాలుగోదానికి మారబోతే, కొత్త పాటను తెరుచుకోవడానికి పెట్టె రెండు క్షణాలు నోరు మూసుకుంది. జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టి సమోసాల కోసం లేచిపోయారు. తిరిగొచ్చి కూర్చున్నది ఆరుగురు. వచ్చే ఆదివారం సాయంత్రం అదే మేడ మీద రెండో అవకాశం. ఈసారీ అలాగే అయితే పెట్టె అమ్మేస్తానని ఇంట్లో చెప్పేసింది. అన్నంత పనీ చేసే పిల్ల.

"పాటలన్నీ ఒకే చోట పెట్టేశాను మాస్టారూ, ఇక నిశ్శబ్దం రాదు. కానీ ఎనిమిది వరసలూ ఒక్కసారే మారుతుంటే కుదుపు తెలిసిపోతోంది. మధ్యలో జుయ్‌మని ఓ చప్పుడేసి కప్పేయనా? అతుకు తెలియకుండా ఎలా?"

మాస్టారికి చెప్పులు మంచం కింద దొరికాయి. "పద," అన్నారు.

సముద్రపు ఒడ్డున జాలర్లు పెద్దవల లాగుతున్నారు. వల దూరంగా నీళ్లలో ఉంది, దాని రెండు తాళ్లూ ఒడ్డు మీద ఉన్నాయి. ఇవతలి తాడుకి ఆ రోజు ఆరుగురే వచ్చారు. వాళ్ల పెద్ద నూకరాజు మాస్టారికి పాత స్నేహితుడు. "వచ్చీసినారా? ఓ సెయ్యెయ్యండి," అన్నాడు. మాస్టారు పంచె ఎగదోపి తాడు పట్టుకున్నారు. తనూజా ఆయన పక్కనే పట్టుకుంది. అందరూ తాడు లాగుతూ ఇసకలో వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. అందరికంటే వెనక ఉన్నవాడు గట్టు దాకా రాగానే తాడు వదిలి, తాపీగా నీళ్ల దగ్గరికి నడిచి, అక్కడ అందరికంటే ముందు మళ్లీ పట్టుకుంటున్నాడు. కాసేపటికి ఆ వంతు మాస్టారికొచ్చింది. ఆయన వదిలి నడిచారు. గురువు కదిలితే వెంట కదలడం తనూజకి మూడేళ్ల అలవాటు. తనూ వదిలేసి వెనకాలే నడిచింది. తాడు సర్రున జారింది, మిగిలిన ఆరుగురూ ముందుకి తూలారు.

"ఏటమ్మా, ఇద్దరూ ఒకేపాలి ఒగ్గీసినారు?" నూకరాజు కసిరాడు. "ఒక్కలు ఒగ్గితే మిగతావోళ్లు పట్టే ఉండాల!"

తనూజకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పరుగెత్తుకెళ్లి తాడు పట్టుకుంది. ఆ తర్వాత గంటలో ఎనిమిది మందీ ఎన్నిసార్లు చోటు మారారో ఎవరూ లెక్కపెట్టలేదు. తాడు మాత్రం మరి జారలేదు. వెళ్లేటప్పుడు నూకరాజు కోపం మరిచి నాలుగు కానాగంత చేపలు చేతిలో పెట్టాడు. పులుసులో మామిడికాయ వెయ్యాలా వద్దా అన్న సంగతి తప్ప మాస్టారు దారిపొడవునా ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి తనూజ తన ప్రణాళికను మళ్లీ రాసుకుంది. పాట మారే ప్రతి చోటా ముందు ఎవరు వదలాలి, అప్పటిదాకా ఎవరు పట్టి ఉండాలి అన్నదే రాసింది. మొదట మువ్వలు వదులుతాయి, అవి కొత్త పాటలో కుదురుకున్నాక బేస్, ఆఖరికి డ్రమ్ములు. జుయ్ చప్పుడును కొట్టేసింది.

ఆదివారం మేడ నిండింది. మాస్టారు గోడ వారగా కుర్చీలో కూర్చున్నారు. సగం దాకా అంతా రాసుకున్నట్టే నడిచింది. అప్పుడు మువ్వల్ని ఆపబోయి తనూజ పక్క మీట నొక్కింది. డ్రమ్ములు మాయమైపోయాయి. ఆమెకి సమోసాలు కళ్ల ముందు కదిలాయి. కానీ బేస్ మోగుతూనే ఉంది, మువ్వలూ ఉన్నాయి. మిగతావాళ్లు పట్టే ఉన్నారు. ఆమె కంగారుగా మీట మళ్లీ నొక్కలేదు. తాళం నాలుగు ఆవర్తనాలు తిరిగేదాకా ఆగి, తర్వాతి పాట డ్రమ్ముల్ని తెచ్చి కలిపింది. మెట్ల దగ్గర ఊగుతున్న ఒకావిడ ఊగుతూనే ఉంది. గంట పూర్తయ్యేదాకా ఒక్క చప్పట వినబడలేదు. ఆ తర్వాత వినబడ్డ చప్పట్లకి తనూజ కళ్లు చెమర్చాయి.

జనం పలచబడ్డాక మాస్టారి దగ్గరికి వచ్చింది. సంతోషంగా ఉన్నా తప్పు దాచుకోలేకపోయింది.

"మధ్యలో డ్రమ్ములు పోయాయి మాస్టారూ. నా పొరపాటే. విన్నారా?"

"విన్నాను," అన్నారు మాస్టారు, కాళ్లతో కుర్చీ కింద చెప్పులు తడుముకుంటూ. "ఎవరో నీళ్ల దగ్గరికి నడుస్తున్నారనుకున్నాను."