కెజియా గిటారు స్క్రూ

గిద్యోను మాస్టారిని ఏదైనా అడిగి వెంటనే జవాబు రాబట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన దగ్గర గిటారు నేర్చుకున్నవాళ్లం చాలామందిమే ఉన్నాం. శ్రుతి గురించి అడిగినా, సంసారం గురించి అడిగినా, ఆయన ముందు చేతిలో ఉన్న పని చూసుకుంటారు. తొందరగలవాళ్లకి ఒళ్లు మండుతుంది. నాకూ మండేది, కానీ లేచి వచ్చేయబుద్ధి అయ్యేది కాదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మేం ఆయనింట్లో ఉండగా ప్రభుదాసు వచ్చాడు. మాస్టారి శిష్యుల్లో అందరికన్నా పెద్దవాడు, జుట్టుకి రంగు వేసుకునే వయసు. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది అతనే. చంకలో కూతురి గిటారు పెట్టుకొచ్చి, ఇంకా కూర్చోకుండానే అడిగేశాడు.

"మాస్టారూ, నోరు మూసుకుని కూర్చున్న మనిషి చేత మాట్లాడించడం ఎలాగండీ?"

ఆ మనిషి ఎవరో అక్కడున్న మాకందరికీ తెలుసు. అతని ఒక్కగానొక్క కూతురు కెజియా, ఇంటరు చదువుతోంది. ఈస్టరు ఆరాధనలో ఆ పిల్ల గిటారు మీద ఒక స్వరం తప్పు వాయిస్తే, ప్రభుదాసు పాట మధ్యలో ఆపించి, సంఘమంతా వింటుండగా మైకులో సరిదిద్దాడు. బృందం నాయకుడిగా చేశానే గాని తండ్రిగా కాదని ఇప్పటికీ వాదిస్తాడు, ఆ తేడా పిల్లకి తెలియాల్సినట్టు. పిల్ల ఆ పాట ముగిసేదాకా వాయించింది. ఇంటికెళ్లి గిటారు గోడకి తగిలించింది. ఆనాటినుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. పిలిస్తే వస్తుంది, అన్నం పెడితే తింటుంది, పలకదు. ప్రభుదాసు ముందు బుజ్జగించాడు, తర్వాత గదమాయించాడు, వాళ్లమ్మ చేత చెప్పించాడు, పాస్టరుగారిని ఇంటికి పిలిచి ప్రార్థన కూడా పెట్టించాడు. భోజనాల దగ్గర రోజూ ఇదే విచారణ. పిల్ల ఇంకాస్త ముడుచుకుపోయింది.

పోనీ మంచి చేసుకుందామని ఆ గిటారు బాగుచేయబోయాడట. గిటారుని భుజాన వేసుకునే బెల్టు తగిలించే గుండీ పగిలిపోయి ఉంది. దాన్ని మార్చాలంటే దాని స్క్రూ రావాలి, అది రాలేదు. ఇతను ఊరుకునే రకం కాదు కదా, సరిపడని స్క్రూడ్రైవరుతో మొదలుపెట్టి కూరగాయల కత్తి మొనదాకా వెళ్లాడు. స్క్రూ తలమీది గాడి నున్నగా అరిగిపోయింది, చుట్టూ వార్నిషు గీసుకుపోయింది. దీన్ని కూడా పాడుచేశావా అన్నట్టు పిల్ల ఒక్క చూపు చూస్తే చాలు, ఇక తనకి దిక్కు లేదన్నాడు. నాకు చాలా జాలేసింది.

మాస్టారు గిటారుని ఒళ్లోకి తీసుకున్నారు. డ్రిల్లు పెట్టి తోడేద్దామా అని ప్రభుదాసు అడిగితే వినిపించుకోలేదు. వైర్లు అతికించే సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి, దాని మొన స్క్రూ తలకి ఆనించి, కాసేపు ఊరుకున్నారు. చెక్క లోపల పాత జిగురు పట్టేసి ఉంటే వేడికి అది పట్టు వదులుతుంది. చల్లారాక, అరిగిన గాడిలో జారకుండా సైకిలు ట్యూబు ముక్క ఒకటి ఆ తలమీద పరిచి, వెడల్పాటి స్క్రూడ్రైవరు దానిమీద నిలిపి, ఒంటి బరువంతా మోపారు. అప్పుడు తిప్పారు, కుడివైపుకి.

ప్రభుదాసు కంగారుపడ్డాడు. "అటు తిప్పితే ఇంకా బిగుస్తుందండీ."

"బిగుసుకోనీ. అదెటు పోతానంటోందో అటే ముందు వెంట్రుకవాసి పోనిద్దాం," అన్నారు మాస్టారు.

లోపల కిర్రుమంది. అది విన్నాక ఆయన ఎడమవైపుకి తిప్పడం మొదలుపెట్టారు, నిద్రపోయిన పసిబిడ్డ తలకిందనుంచి చెయ్యి తీసుకునేంత నెమ్మదిగా. స్క్రూ కదిలింది. కదిలాక ఇక ఏ పేచీ పెట్టకుండా వచ్చేసింది. ప్రభుదాసు సంబరం పట్టలేక, ఎంత మొండి ఘటమండీ ఇది, అన్నాడు. మాస్టారు దాన్ని అతని అరచేతిలో పెట్టి, ఆ మొండితనం ఎక్కడుందో చూపించమన్నారు. అతను దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. చెక్కలో ఉన్న భాగమంతా కొత్తదానిలా ఉంది, మరచుట్టు ఒక్కటీ చెదరలేదు. పాడైంది తల ఒక్కటే, అతని కత్తి తగిలిన చోటు. ప్రభుదాసు దాన్ని పిడికిట్లో మూసుకుని తల దించుకున్నాడు.

ఆ తర్వాత గీతలు కనపడకుండా పాలిష్ పెట్టమని బతిమాలాడు. మాస్టారు ఒప్పుకోలేదు. నాన్న తంటాలు పడ్డాడని పిల్లకి తెలిస్తే నష్టమేమీ లేదన్నారు. కొత్త గుండీ, కొత్త స్క్రూ ఇచ్చి, అతన్నే బిగించమన్నారు. ఎంతో భద్రంగా బిగిస్తూ వచ్చాడు. ఇంకొక్క చుట్టు ఉందనగా మాస్టారు అతని చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఆ చుట్టు కెజియా తిప్పుకుంటుందన్నారు.

"నాతో మాట్లాడదు కదండీ. తిప్పమని దానికెలా చెప్పను?"

మాస్టారు స్క్రూడ్రైవరు తుడిచి అతని చొక్కా జేబులో పెట్టారు.

"నిన్ను చెప్పమన్నదెవరు, నాయనా? ఇది దాని ముందు పెట్టి, గిటారు కదలకుండా నువ్వు పట్టుకుని కూర్చో."