నేరేడు చుక్క

అనగనగా ఒక కొండవాలు అడవి. అక్కడి జింకల మందలో పొన్నమ్మ అనే తల్లి ఉండేది. దాని కూన పేరు తుమ్మెద. కూన మీద ఈగ వాలినా పొన్నమ్మ ఓర్చుకునేది కాదు.

ఏటా నేరేడు పండ్ల కాలంలో ములుకయ్య అనే ముసలి ముళ్లపంది వచ్చేవాడు. మందు అద్దిన ముల్లుతో కూనలకు తట్టు రాకుండా టీకా వేసేవాడు. టీకా పడిన చెవికి నేరేడు రసంతో చుక్క పెట్టేవాడు. అప్పుడే పుట్టిన పసికూనలకు టీకా వేయకూడదు. అందుకని చుక్క ఉన్న పిల్లలే వాటి చుట్టూ దడి కట్టినట్టు పడుకునేవి. అది మంద కట్టుబాటు.

ఆ ఏడు ములుకయ్య మొదటిసారి వచ్చినప్పుడు పొన్నమ్మ, "దానికి జలుబు తాతా, తర్వాత చూద్దాం" అంది.

రెండోసారి, "ముల్లు గుచ్చితే జ్వరం వస్తుందట కదా!" అంది.

"ఆ జ్వరం ఒక్క పూటలో పోతుందమ్మా. తట్టు అలా పోదు" అన్నాడు ములుకయ్య.

మూడోసారి కూనను పొదలో దాచేసింది. "అందరికీ వేశావుగా! మా ఒక్కదానికి లేకపోతే ఏం మునిగింది?"

"ఈ మాట నాకు ఇవాళ నీతో కలిపి ఏడుగురు తల్లులు చెప్పారు" అని ములుకయ్య నిట్టూర్చి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తుమ్మెద ఏడుస్తూ వచ్చింది. "అమ్మా, అందరూ నన్ను బోడిచెవి అంటున్నారు. రేగమ్మ పిన్ని తన పసికూన దగ్గరకు రానివ్వట్లేదు."

పొన్నమ్మ మనసు కరిగింది. నేరేడు పండు కొరికి, తానే కూన చెవికి చుక్క పెట్టింది.

"రావే బంగారం, చుక్క పడిందిగా! తమ్ముడి పక్కనే పడుకో" అంది చెల్లెలు రేగమ్మ. పొన్నమ్మ తల తిప్పుకుని గడ్డి మేసింది.

కొన్నాళ్లకు లోయలోంచి దగ్గుతూ ఒక కూన వచ్చి, తుమ్మెదతో రోజంతా ఆడుకుంది. పది రోజులకు తుమ్మెదకు జ్వరం, ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. తర్వాత టీకా పడని మిగతా ఆరు కూనలకూ వచ్చింది. చివరికి రేగమ్మ పసివాడికి.

మంద అంతా ములుకయ్య మీద పడింది. "చుక్క ఉన్న పిల్లకు తట్టేమిటి? నీ మందు ఉత్తిదే!" ముసలివాడు తల వంచుకున్నాడు.

పొన్నమ్మ ముందుకు వచ్చింది. "తాత తప్పేం లేదు. ఆ చుక్క పెట్టింది నేనే."

రేగమ్మ తిట్టలేదు. "నా బిడ్డ నీకేం చేశాడే అక్కా?" అని మాత్రం అడిగింది.

అక్కచెల్లెళ్లిద్దరూ పిల్లల పక్కనుంచి కదలలేదు. తుమ్మెద లేచి తిరిగింది. పసివాడూ బతికాడు, కానీ చూపు పోయింది.

మరుసటి ఏడు నేరేడు పండ్లు రాలాయి. ములుకయ్య కంటే ముందు పొన్నమ్మే పొద పొదకూ తిరిగి తల్లుల్ని పిలిచింది. రేగమ్మ కొడుకు పొన్నమ్మ డొక్కకు ఆనుకుని నడిచాడు. వాడిని చూశాక ఏ తల్లీ సాకు చెప్పలేదు.

పొన్నమ్మ టీకా ఈడు వచ్చిన తన కొత్త కూనను అందరికంటే ముందు నిలబెట్టింది.

"పెద్దమ్మా, చెల్లికి చుక్క పడిందా?" అని అడిగాడు రేగమ్మ కొడుకు.

"పడింది నాన్నా" అంది పొన్నమ్మ. "తాతే పెట్టాడు."

నీతి: మన బిడ్డకు వేయించే టీకా పక్కింటి పసివాడికీ కాపలా. ఆ కాపలాలో సాకులు చెప్పకూడదు, అబద్ధం అసలే ఆడకూడదు.