ఊళ్ళో ఎవరికీ జ్వరం లేని రోజు

దస్తగిరికి కోపం ముక్కు మీదే ఉండేది. అదీ ఎవరి మీద? జ్వరం పెట్టుకుని పనికి పోయేవాళ్ళ మీద.

పెన్న ఒడ్డున మా ఊళ్ళో ఖలందర్ హకీం గారి దవాఖానా ఉండేది. దస్తగిరి ఆయన శిష్యుడు. హకీం గారు సూఫీ. మందిచ్చేవారు, దువా చేసేవారు, రెంటిలోనూ తొందరపడేవారు కాదు. మా ఊరిని మీరు ఏమైనా అనండి, అలాంటి మనిషి మీ ఊళ్ళో ఉన్నాడా అని మాత్రం అడుగుతాను. పైగా ఈ కథలో మా ఇంటి గొప్ప కూడా కొంత ఉంది. కాస్త ఛాతీ విరుచుకునే చెబుతాను, ఓర్చుకోండి.

ఊరి చుట్టూ నాపరాయి గనులు. వానలు వెనకబట్టాయంటే ఇంటింటా జ్వరాలే. మా అవ్వ ఓబులమ్మ గనిలో రాళ్ళు మోసేది. ఒకనాడు ఒళ్ళు కాలిపోతున్నా పొద్దంతా మోసి, పొద్దు వాలేవేళకు దవాఖానాకు వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

ఆమె నాడి పట్టుకున్న దస్తగిరి ఒంటికాలి మీద లేచాడు.

"జ్వరం పెట్టుకుని పనికెందుకు పోయినావు? బుద్ధుందా నీకు? నువ్వు పోకపోతే గని ఆగిపోతుందా?"

మా అవ్వ మామూలుగా ఒకరి చేత మాట పడే మనిషి కాదు. ఆ రోజు ఓపిక లేదు.

"యాడ ఆగుతుంది సామీ," అని కళ్ళు మూసుకుంది.

ఆమెకు కషాయం పట్టించి పంపాక దస్తగిరి గురువు దగ్గర కూర్చున్నాడు. మంట ఇంకా చల్లారలేదు.

"హజ్రత్, వీళ్ళకి ప్రాణం మీద తీపి లేదా? మనం ఇక్కడ నయం చేస్తాం, వాళ్ళు అక్కడ పోయి చెడగొట్టుకుంటారు. ఒళ్ళు బాగాలేకపోయినా మనుషులు పనికి ఎందుకు పోతారు?"

హకీం గారు కల్వంలో వేర్లు నూరుతున్నారు. చెయ్యి ఆపలేదు.

"పొట్ట కోసం. కానీ అది సగమే బేటా. మిగతా సగం నేను చెబితే నీకు ఎక్కదు. తెలిసిన రోజున నువ్వే చెప్పు, వింటాను."

దస్తగిరికి ఆ మాట నచ్చలేదు. ఇన్ని మందులు నేర్పిన మనిషి ఇంత చిన్న ప్రశ్నకు జవాబు దాచుకోవడమేమిటి అనుకున్నాడు.

ఆ దవాఖానాలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే తలుపు తియ్యకముందు గురువు శిష్యుడి నాడి చూస్తారు, శిష్యుడు గురువు నాడి చూస్తాడు. ఆ తర్వాతే రోగులు. "పదిమందిని చూసే చెయ్యి, ముందు తనను చూపించుకోవాలి," అనేవారు హకీం గారు. దస్తగిరికి అదొక ముసలాయన ముచ్చట, అంతే. తనకేం, గుండ్రాయిలా ఉన్నాడు. శిష్యుడిగా చేరినప్పటినుంచి ఒక్క పూట మానింది లేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా తనే చెప్పుకునేవాడు.

ఒక పొద్దున లేచేసరికి దస్తగిరికి ఇల్లు గిర్రున తిరిగింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. కాసేపు దుప్పట్లో ముడుచుకుని పడుకున్నాడు. దవాఖానా గుర్తొచ్చింది. వరండాలో తను లేని పీట గుర్తొచ్చింది. అంతే, దుప్పటి విసిరేసి, చన్నీళ్ళతో మొహం కడుక్కుని, గోడలు పట్టుకుంటూ బయల్దేరాడు.

వచ్చేసరికి హకీం గారు లోపలి గదిలో ఇంకా నమాజు, జపంలోనే ఉన్నారు. అది చూసి దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. నాడి ముచ్చట తప్పింది! గబగబా తలుపు తీసి రోగుల్ని పిలిచాడు.

వరస పెద్దది. ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి వెయ్యడం, "చల్లగా ఉన్నావు, పో," అనడం. గనివాళ్ళు ఆ మాట కోసమే కాచుకున్నట్టు సమ్మెటలు భుజాన వేసుకుని కదిలారు. జ్వరం లేదని వైద్యుడే చెప్పాక ఇంకేం కావాలి!

మా అవ్వ వంతు వచ్చింది. ఈసారి జ్వరం ఆమెకు కాదు, చంకలో బిడ్డకు. ఆ బిడ్డ మా అమ్మ. అప్పటికి ఇంకా మాటలు కూడా రాలేదు.

"రాత్రంతా మూలుగుతానే ఉంది సామీ. పాలు ముట్టలేదు."

దస్తగిరి బిడ్డ నుదురు తాకాడు. "చల్లగానే ఉందమ్మా. పళ్ళొస్తున్నాయేమో. తీసుకుపో."

"చల్లగానా?" మా అవ్వ మళ్ళీ తాకి చూసింది. "నా చేతికి నిప్పు మాదిరి తగుల్తా ఉందే!"

"వైద్యం నేర్చుకుంది నువ్వా, నేనా?"

అంత చదివినవాడు అలా అన్నాక ఆమె ఏమంటుంది? బిడ్డను కొంగుతో కప్పుకుని లేచింది. ఇక గనికి పోవాలి, ఎండలో బండ మీద బిడ్డను పడుకోబెట్టుకుని పని చేసుకోవాలి. నీడన్నది ఉండదక్కడ. ఆ రోజు ఆమె గుమ్మం దాటి ఉంటే ఈ కథ చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

గుమ్మంలో హకీం గారు ఎదురయ్యారు. వరండా అప్పుడే ఖాళీ అయిపోయింది. మందు పొట్లం ఒక్కటి కూడా కట్టినట్టు లేదు.

"అల్ హమ్దులిల్లాహ్!" అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు ఆయన. "ఈ రోజు మన ఊళ్ళో ఒక్కరికీ జ్వరం లేదన్నమాట!"

"లేదు హజ్రత్. అందరూ చల్లగా ఉన్నారు."

హకీం గారు బిడ్డను చూశారు. శిష్యుణ్ణి చూశారు. శిష్యుడి భుజం పట్టుకుని తీసుకెళ్ళి, రోగులు కూర్చునే బల్ల మీద కూర్చోబెట్టారు. తర్వాత మా అవ్వ వైపు తిరిగారు.

"తల్లీ, మావాడు నీ బిడ్డను చూసినాడు గదా. ఇప్పుడు నువ్వు వీణ్ణి చూడు."

మా అవ్వ నాలుక కరుచుకుంది. వైద్యుడి నుదుటి మీద తను చెయ్యి వెయ్యడమా!

"వెయ్యి తల్లీ. వీడూ ఒక అమ్మ కన్న బిడ్డే."

మా అవ్వ కొంగుకు చెయ్యి తుడుచుకుని, జంకుతూ జంకుతూ వేసింది. వేసిన చెయ్యి చటుక్కున తీసేసింది.

"అయ్యో కొడకా! పెనం మాదిరి కాలిపోతాండావు గదరా! నీకన్నా నా బిడ్డే నయం!"

అంతసేపూ ఉన్న ఆ 'సామీ' ఎటు పోయిందో పోయింది. ఆమె మళ్ళీ అతని నుదుటి మీద చెయ్యి వేసింది, ఈసారి తియ్యలేదు.

"జ్వరం పెట్టుకుని పనికెందుకు వచ్చినావు నాయనా?"

తిట్టలేదు. బిడ్డను అడిగినట్టు అడిగిందంతే.

దస్తగిరి తన చేతిని తను చూసుకున్నాడు. కాలే చేతికి కాలే నుదురు చల్లగానే తగులుతుంది. గురువు నేర్పిన మొదటి పాఠమది. గని దారిన పోయినవాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. లేవబోయి, కాళ్ళు నిలవక మళ్ళీ కూలబడ్డాడు. తప్పించమన్నట్టు గురువు వైపు చూశాడు.

హకీం గారు తీరిగ్గా పక్కన కూర్చున్నారు.

"అడుగుతోంది కదా, చెప్పు బేటా. నేనూ వింటాను."

గర్వం ఉన్న మనిషికి నిజం గొంతులో అడ్డం పడుతుంది. కానీ వాడు మా ఊరి వైద్యుడు, అబద్ధం చెప్పలేదు.

"నేను రాకపోయినా ఇక్కడ ఏదీ ఆగదని భయమేసింది హజ్రత్."



"యాడ ఆగుతుంది నాయనా," అంది మా అవ్వ. ఎగతాళి కాదు. తనకూ తెలిసిన భయమే కాబట్టి అలా అంది.

హకీం గారు శిష్యుడి మణికట్టు అందుకుని నాడి చూశారు. తర్వాత రోజూ లాగే తన చెయ్యి కూడా చాపారు. దస్తగిరి నాడి చూడలేదు. ఆ చేతిని నుదుటికి ఆనించుకుని ఏడ్చేశాడు. ముసలాయన కళ్ళలో ఆ పూట ఉన్న గర్వం, తను ఎన్ని మందులు నూరి చూపించినా శిష్యుడికి ఎప్పుడూ కనబడనిది. ఇది మా అవ్వ స్వయంగా చూసి చెప్పిన మాట.

ఒకే కుండలో కషాయం కాగింది. ఒకే చాప మీద దస్తగిరినీ మా అమ్మనూ పడుకోబెట్టారు. మా అవ్వ ఇద్దరి మధ్యా తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె గనికి పోలేదు. గని ఆగనూ లేదు.

హకీం గారు మందుల సంచీ భుజాన వేసుకుని, చేతికర్ర తీసుకున్నారు.

"ఎక్కడికి హజ్రత్?" దస్తగిరి తల ఎత్తాడు.

"నువ్వు పంపేసిన వాళ్ళను పిలుచుకు రావాలి గదా."

"మీ మోకాళ్ళు... ఆ ఎండలో... నేను పోతాను హజ్రత్!"

"పడుకో."

"పడుకుంటే ఈలోపు రోగులొస్తే? దవాఖానా ఎవరు చూస్తారు?"

హకీం గారు గుమ్మంలో ఆగి, మా అవ్వ వైపు చూపించారు.

"ఓబులమ్మ చూస్తుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది."