రాజుగారి స్నానపు నీళ్లు

ఏ రాజ్యమని అడక్కండి, పేరు చెబితే అక్కడివాళ్లు నా మీద పడతారు. ఆ రాజ్యాన్ని రణమల్ల భూపతి అనే మహానుభావుడు ఏలేవాడు. ఆయన తుమ్మినా సభంతా "ఆహా!" అనాల్సిందే.

ఆయనకు కీళ్లనొప్పులు. రాజవైద్యుడు వావిలాకు, జిల్లేడాకు, వేపాకు చిక్కగా మరిగించి, ఆ నీళ్లతో రోజూ స్నానం చేయమన్నాడు. రాజు చేస్తే చేశాడు, అక్కడితో ఊరుకోవచ్చుగా? "నా ఒంటిని తాకిన నీళ్లు వృథాగా పోవడమా! కడవలతో రైతుల నారుమళ్లకు పంపండి, బంగారం పండుతుంది" అన్నాడు. నిరుటి నుంచి అదే శాసనం.

బంగారం మాట దేవుడెరుగు, వడ్లు మొలకే ఎత్తలేదు. ఆ ఆకుల సారానికి మరో మొక్కను ఎదగనివ్వని గుణం ఉంది. సభలో చమత్కారిగా పేరుపడ్డ విస్సన్నకు ఆ సంగతి తెలుసు. స్నానాలగది వెనక నీళ్లు పారేచోట గరికపోచ కూడా లేకపోవడం రోజూ చూస్తూనే ఉన్నాడు. కానీ రాజుగారి స్నానపు నీళ్లు విషమని ఎవడంటాడు? ప్రాణం ఎవడికి బరువైంది?

ఆ ఏడు తొలకరి తర్వాత పోలమ్మను భటులు సభకు ఈడ్చుకొచ్చారు. మొగుడు పోయినా ఉన్న కాస్త పొలం వదలకుండా సాగుచేసుకుంటున్న మనిషి.

"నా ప్రసాదం పోసినా నీ మడి మొలవలేదంటే, నీ మనసులో రాజద్రోహం ఉందన్నమాట. నీ పొలం జప్తు!" అన్నాడు రాజు.

"అయ్యా, ఆ పొలం తప్ప మాకు దిక్కులేదు. నా పిల్లలకు మన్ను పెట్టమంటారా?" అని పోలమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది.

విస్సన్న ఇక కూర్చోలేక లేచాడు.

"ద్రోహమా ప్రభూ? ఇంత విధేయత నేనెక్కడా చూడలేదు!"

"ఏమిటి నీ వాగుడు?"

"తమ ఎదుట మేమెవరమైనా తలెత్తుతున్నామా? మంత్రిగారు తలెత్తి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అలాంటిది, తమ ఒంటిని తాకిన నీళ్లు మీద పడ్డాక పిసరంత వడ్లగింజ మన్నులోంచి తల బయటపెడుతుందా? దానికెంత పొగరుండాలి! కావాలంటే తమ స్నానాలగది వెనక చూడండి."

రాజు స్వయంగా వెళ్లి చూశాడు. చుట్టూ పచ్చగా ఉంది, తన నీళ్లు పారినంత మేరా నల్లటి నేలే. చూసి మీసం మెలేశాడు.

"తలవంచినందుకే శిక్షవేస్తే, రేపటి నుంచి మేమెలా నిలబడాలో సెలవియ్యండి ప్రభూ. తలెత్తమంటారా?" అన్నాడు విస్సన్న చేతులు కట్టుకుని.

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "వద్దు వద్దు! భేష్ విస్సన్నా! ఆ పొలం దానికే వదిలేయండి. ఇకమీదట నా నీళ్లు కోటగోడ పక్క పిచ్చిమొక్కల మీద పోయండి. అవీ నాకు తలవంచాలి!" అని పట్టుశాలువా కప్పాడు. విస్సన్న దాంతోపాటు గంపెడు విత్తనపు వడ్లు అడిగి పుచ్చుకున్నాడు.

కోట బయట ఆ గంప పోలమ్మ ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"మొలవనిది ఆ నీళ్ల వల్లేనని తమరికి ముందే తెలుసా అయ్యా?"

"తెలుసమ్మా."

"నిరుడు మా మరిదిని ఇదే సభకు ఈడ్చుకొచ్చారు. పొలం పోయింది. నూతిలో దూకాడు. ఆనాడు తమరు సభలో లేరా?"

ఉన్నాడు. ఆ మరిది ఏడుపును రాజు వెక్కిరిస్తే, అందరికంటే ముందు నవ్వింది తనే.

పోలమ్మ గంప నెత్తికెత్తుకుని, దణ్ణమైనా పెట్టకుండా పొలం దారి పట్టింది.