జల్లెడ మీద పడ్డ బాణం

శరభయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదడిగినా వాదనకు దిగేవారు కారు. ఆ అడిగినదాన్ని తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టించేవారు.

మందాకిని పాడైన కంప్యూటర్లు విప్పుకుంటూ తనంతట తాను పని నేర్చుకున్న పిల్ల. ఒకచోట కుదురుగా కూర్చోదు. గ్రంథాలయంలో టైపు చేసే కమాండ్లను అందుకుని కంప్యూటరు చేత చేయించే షెల్ అనే ప్రోగ్రాంను కొత్తగా రాసింది. సోమవారం పాతదాన్ని తీసి దాన్ని పెట్టాలి. ఒక్కటి మాత్రం తేలలేదు.

"ఒక కమాండ్ ఇచ్చినదాన్ని ఇంకో కమాండ్‌కి అందించడానికి మధ్యలో ఏ గుర్తు పెట్టాలి మాస్టారూ? పాతదాంట్లో నిలువు గీత ఉంది. అచ్చం గోడలా ఉంటుందండీ. గోడలోంచి ఎవరు నడుస్తారు? బాణమైతే ఎటు పోతోందో కంటికే తెలుస్తుంది."

"సుగుణమ్మకి నేర్పు," అన్నారాయన.

పదకొండేళ్లుగా పుస్తకాల జాబితా చూస్తున్న సుగుణమ్మ మధ్యాహ్నానికల్లా నేర్చేసుకుంది. "బాణమే బాగుందే అమ్మాయ్! ఆ గీత ఎందుకో నాకు ఏనాడూ అర్థం కాలేదు." మందాకిని గెలిచినట్టు చూసింది. మాస్టారు టీ తాగుతున్నారు.

మూడింటికి సుగుణమ్మ ఇంకా పాత షెల్ ఉన్న తన కంప్యూటరు ముందు కూర్చుని, జాబితాను జల్లెడకు అందించబోయింది. రెండుసార్లు ఎక్కిన పుస్తకాలను ఏరిపెట్టే ప్రోగ్రాం పేరు జల్లెడ. మందాకిని మూడు నెలల కష్టం. ఇంకో ప్రతి తీసిపెట్టలేదు. సుగుణమ్మ వేళ్లు బాణం కొట్టాయి. పాత షెల్‌లో బాణానికి ఎప్పటినుంచో వేరే పని ఉంది: కుడివైపు పేరున్న ఫైలును తుడిచేసి, ఎడమవైపు నుంచి వచ్చినదాన్ని అందులో రాయడం. ఆ సంగతి మందాకినికీ తెలుసు. కొత్తదాంట్లో ఆ పనికి ఇంకో గుర్తు ఇచ్చి ఊరుకుంది. బాణం తన పని తాను చేసింది. జల్లెడ ఉన్నచోట ఇప్పుడు పుస్తకాల పేర్లున్నాయి.

"తప్పని ఒక్క ముక్కైనా అనలేదమ్మా అది!" సుగుణమ్మ మందాకినిని పిలిచి తెర చూపించింది.

"ఆవిడ కొట్టింది పాతదాని మీద కదండీ," అంది మందాకిని మాస్టారితో. "నా షెల్‌దేం తప్పు?"

"సోమవారం ప్రపంచంలో ఉన్న పాతవన్నీ తీసేయిస్తున్నావా?"

మందాకిని లేచి వెళ్లి, తన షెల్‌లో బాణం చెరిపి నిలువు గీత పెట్టింది.

"అయితే గోడే మంచిదంటారు."

"మంచిదని నేనన్నానా?" గ్లాసు కింద పెట్టారు శరభయ్య మాస్టారు. "దానికి వేరే పనేం లేదు. అంతే."