దూడ వాటా

మూతి ముడుచుకున్నది చాలు గానీ, ఇటు తిరుగు. ఊఁ కొడితేనే కథ. కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగనగా, కాలవ గట్టు పక్కన రేగులపాడని ఓ ఊరు. ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒకావిడ. ఆవిడకో గేదె, పేరు కాటుక. కాటుకకి నెల నిండని దున్నదూడ, పేరు బుడ్డోడు. రోజూ ఆదెమ్మ రెండు చన్నులే పితికేది. మిగతా రెండూ బుడ్డోడికి వదిలేసేది. వాళ్ళ అత్తగారు నేర్పిన పద్ధతి అది.

అదే ఊళ్ళో సూర్రాజుకి పెద్ద డెయిరీ ఉంది. రేకుల షెడ్లు, ఫ్యాన్లు, పాలు పితికే మిషన్లు, రెండు పూటలా వచ్చే పాల వ్యాను, అబ్బో, ఆ దర్జా! గేదెలు వంద. దూడలు మాత్రం వెనక కొట్టంలో, తల్లుల కంట పడకుండా. పెయ్యదూడకి డబ్బా పాలైనా పట్టేవాళ్ళు. దున్నదూడకి అదీ లేదు. ఎందుకంటావా? పెద్దయినా పాలివ్వదు కదా, అందుకు. పాపిష్టి మనుషులు!

ఆదెమ్మ కూతురి పురిటికని వెళ్ళినప్పుడు, సూర్రాజు ఆవిడ మొగుడు సింహాచలాన్ని పట్టుకున్నాడు. "నీ గేదెని నా షెడ్డులో కట్టెయ్యి. మేత నాది, చాకిరీ నాది, పాలలో సగం నీకు. ఆ దున్నదూడ మాత్రం నాకొద్దు" అన్నాడు. సింహాచలం మెతక మనిషి, సరేనన్నాడు.

అప్పుడేమైంది? మొదటి రోజు కాటుక ముందు తవుడూ తెలకపిండీ గంపెడు పెట్టారు. శుభ్రంగా తినేసింది. పాలు మాత్రం చుక్క దించలేదు. రెండో రోజు జీతగాడు ఆదెమ్మ పాత చీర చుట్టుకుని పితకడానికి కూర్చున్నాడు. కాటుక వాసన చూసి ఒక్క తన్ను తన్నింది. వాడు చీరతో సహా పేడలో పడ్డాడు. నవ్వకే, ఊఁ కొట్టు! మూడో రోజు సూర్రాజు "సూది మందు తెండి, పాలెలా చేపదో చూస్తా" అన్నాడు.

ఆ పొద్దున్నే ఆదెమ్మ బస్సు దిగింది. ఇంటి దగ్గర బుడ్డోడు గంజి ముట్టకుండా, డొక్కలు ఎగరేస్తూ పడున్నాడు. ఇంకో పూటయితే దక్కడు. సింహాచలం జరిగిందంతా చెప్పాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. దూడని భుజాల మీదికెత్తుకుని నడివీధిలో డెయిరీకి నడిచింది.

సూది పట్టుకున్నవాడికి అడ్డంగా నిలబడింది. "గుచ్చితే ముందు నాకు గుచ్చరా!" అంది.

"దాన్నెందుకు మోసుకొచ్చావు ఆదెమ్మా? మగది, ఉత్త దండగ" అన్నాడు సూర్రాజు.

"నువ్వూ మగపిల్లాడివేగా సూర్రాజూ! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నీ నోరు కట్టేసిందా?"

అప్పుడు బుడ్డోడు సన్నగా అరిచాడు. కాటుక చెవులు రిక్కించింది. సూదీ లేదు, తవుడూ లేదు, పాలు వాటంతటవే ధారగా కారిపోయాయి. రెండు చన్నులు బుడ్డోడు తాగాడు. మిగతా రెంటికీ ఆదెమ్మ బకెట్టు పెడితే, నురగ అంచు దాకా వచ్చింది.

ఆ అరుపు మిగతా గేదెలూ విన్నాయి. వందా వెనక కొట్టం వైపు తిరిగి ఒక్కసారే అరిచాయి. ఒక్కటంటే ఒక్కటి పాలు దించితే ఒట్టు! మిషన్లు గుయ్యిమన్నాయి, గొట్టాల్లో ఉత్త గాలే. పాల వ్యాను హారన్ కొట్టి కొట్టి ఖాళీగా పోయింది.

ఆ తర్వాత సూర్రాజే వెళ్ళి కొట్టం తలుపు తీశాడు. తియ్యక ఏం చేస్తాడు? దూడలన్నీ తల్లుల కిందికి ఉరికాయి. ఆదెమ్మ కాటుక పలుపు విప్పుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చేసింది.

ఇందాక రెండో గ్లాసు పాలు ఇవ్వలేదని అలిగావు చూడు, అది మన దూడ వాటా. ఎవరడిగినా ఇవ్వను. నా బంగారుతల్లివి నువ్వడిగినా సరే, ఇవ్వనంటే ఇవ్వను.

కథేమో కంచికి,
దూడేమో తల్లికి,
మనమేమో నిద్దరకి!