తాళం తిప్పొద్దన్న మస్తానయ్య

ఊళ్లోకి మోటారు కారు వస్తే ముసలివాళ్లు కూడా వీధిలోకి పరిగెత్తుకొచ్చే రోజులవి. వాగుల మీద వంతెనలు లేని రోజులవి. ఆ రోజుల్లో గొల్లేరు అని ఒక వాగు ఉండేది. దాటడానికి రాళ్లు పరిచి కట్టిన చప్టా ఉండేది. చప్టా పక్కన ఒక పాక. ఆ పాకలో దూదేకుల మస్తానయ్య, అతని భార్య హుసేనమ్మ ఉండేవాళ్లు.

దూది ఏకడం, పరుపులు కుట్టడం మస్తానయ్య పని. పట్నంలో పరుపులు కుట్టే చోట పక్కనే మెకానిక్ షెడ్డు ఉండేది. చూసి చూసి ఇంజను పని కూడా నేర్చుకున్నాడు.

వాన పడితే గొల్లేరు చప్టా మీదికి పొంగేది. తొందరపడ్డ కారు నీళ్లలోకి దిగేది, నడిమధ్యలో ఆగిపోయేది. మస్తానయ్య పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగేవాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, డ్రైవరు చెయ్యి మీద వేసేవాడు. "తాళం తిప్పొద్దు. తోసుకుందాం. ఆరనిద్దాం." ఎవరికైనా ఈ మూడు మాటలే.

"ఎందుకు తిప్పకూడదు?" అని ఎవరైనా అడిగితే, "గాలి అయితే అణుగుతుంది, నీళ్లు అణగవు. ఇంజనులో నీళ్లుండగా తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి" అనేవాడు.

బండిని గట్టుకు తోసేవాడు. ఇంజను ప్లగ్గులు విప్పి, బండి ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే ఆ కన్నాల్లోంచి నీళ్లు చిమ్మేవి. తను ఏకిన దూదితో కన్నాలన్నీ తుడిచి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు తాళం తిప్పమనేవాడు.

ఒక శ్రావణమాసంలో కాంట్రాక్టరు శేషాచలం కొత్త కారులో వచ్చాడు. పక్కన భార్య అనసూయమ్మ, వెనక ముసలి తల్లి. పెళ్లికి పోతున్నారు. మధ్యాహ్నమే అయినా మబ్బు కమ్మి చీకటిగా ఉంది.

"అయ్యా, నీళ్లు తొడ దాకా ఉన్నాయి. పొద్దు వాలేలోపల తగ్గుతాయి, ఆగండి" అన్నాడు మస్తానయ్య.

"ముహూర్తం ఆగుతుందా రా?" అని శేషాచలం కారు దించాడు.

నడిమధ్యలో బండి ఆగిపోయింది. మస్తానయ్య వెనకే వచ్చి శేషాచలం చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"తాళం తిప్పొద్దయ్యా. తోసుకుందాం. ఆరనిద్దాం."

శేషాచలం ఆ చెయ్యి విదిలించి తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది. రెండోసారి తిప్పాడు. లోపల టక్కుమంది. మూడోసారి తిప్పాడు. రాతి మీద సమ్మెట పడ్డట్టు ఒక్క దెబ్బ. బండి అదిరింది. గేరు బిగుసుకుపోయింది. ఇక ఎంత తోసినా చక్రం కదల్లేదు.

నీళ్లు పెరుగుతున్నాయి. మస్తానయ్య ముసలామెను వీపు మీద ఎక్కించుకుని గట్టు చేర్చాడు. తిరిగొచ్చి అనసూయమ్మను చేర్చాడు. మళ్లీ వచ్చి, బండి దిగనని పట్టుబట్టిన శేషాచలాన్ని లాక్కొచ్చాడు.

గట్టు మీద శేషాచలం నెత్తి కొట్టుకున్నాడు. "నా బండి! నా బండి పోతుందిరా మస్తానూ!"

మస్తానయ్య బండి వైపు చూశాడు. "గేరు వదిలితే తోసేయొచ్చు" అంటూ మళ్లీ దిగాడు.

"వద్దయ్యా! బండి పోతే పోనీ!" అని హుసేనమ్మ పాక దగ్గర నుంచి అరిచింది.

అతను కారు తలుపు పట్టుకున్నంత వరకే అందరూ చూశారు. ఎగువ నుంచి ఎర్రటి నీళ్లు గోడలా వచ్చాయి. తరవాత చప్టా మీద బండీ లేదు, మనిషీ లేడు.

మూడో రోజున కారు దిగువన ఇసుకలో కనబడింది. మనిషి దొరకలేదు. కారు నిండా బురద. బానెట్ మాత్రం తెరిచి ఉంది. ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టి ఉన్నాయి. నాలుగు కన్నాల్లోనూ దూది కుక్కి ఉంది. మూడు రోజులు నీళ్లలో మునిగిన బండిలో ఆ దూది తెల్లగా, పొడిగా ఉంది.

ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. హుసేనమ్మ ఒక పోగు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఆయన ఏకిందే" అంది.

మరుసటి ఏడు వానల్లో ఒక లారీ చప్టా మీద ఆగిపోయింది. డ్రైవరు తాళం మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది. తడిగా, చల్లగా ఉంది. మనిషి మాత్రం లేడు. డ్రైవరు విదిలించి తాళం తిప్పాడు. ఇంజను పగిలింది. అతని కుడిచెయ్యి ఆనాటి నుంచి రోహిణీకార్తె ఎండల్లో కూడా మంచులా ఉండేదట.

ఆ పై ఏడు ఒక టాక్సీ ఆగిపోయింది. చెయ్యి పడగానే డ్రైవరు కెవ్వుమని దూకి పారిపోయాడు. తిరిగొచ్చి చూస్తే టాక్సీ గట్టు మీద ఉంది.

మూడో ఏడు వచ్చింది శేషాచలమే. పక్కన అనసూయమ్మ. నీళ్లు తక్కువే అనుకుని కారు దించాడు. సరిగ్గా నడిమధ్యలో బండి ఆగింది. శేషాచలం చెయ్యి అలవాటుగా తాళం మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

"అనసూయా, నా చేతి మీద చెయ్యి వేశావా?"

"నా రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయండీ."

శేషాచలం తాళం వైపు చూశాడు. "మస్తానయ్యా... తిప్పనా?" అన్నాడు. పైనున్న చెయ్యి కదల్లేదు. "మస్తానయ్యా, తిప్పనా?" చల్లటి వేళ్లు బిగిశాయి. "మస్తానయ్యా, తిప్పనా?" మూడోసారి అడుగుతూనే ఏడ్చేశాడు. తాళం వదిలేసి, గేరు న్యూట్రల్లో పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

బండి కదిలింది. మెల్లగా గట్టు వైపు పోసాగింది.

శేషాచలం వెనక్కి చూడలేదు. అనసూయమ్మ చూసింది. వెనక ఎవరూ లేరు. కానీ తొడ దాకా దిగిన మనిషి నడుస్తుంటే నీళ్లు ఎలా చీలతాయో, బండి వెనక నీళ్లు అలా చీలుతున్నాయి.

ఇప్పుడు గొల్లేరు మీద ఎత్తు వంతెన వచ్చింది. చప్టా రాళ్లు కూడా కనిపించవు. అయినా ఆ వైపు వాళ్లు ఎక్కడున్నా సరే, కారు నీళ్లలో ఆగిపోతే చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. "మస్తానయ్యా, తిప్పనా?" అని మూడుసార్లు అడుగుతారు. బండిలో వాళ్లంతా ఊపిరి బిగబట్టి వింటారు. తిప్పమన్న జవాబు ఇంతవరకు ఎవరికీ రాలేదు.

అప్పుడు అందరూ దిగి తోస్తారు. తోసేటప్పుడు వెనక ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా వదిలి నిలబడతారు.